అడిగినవారికి జవాబు బాకీ
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

75 ఏళ్ళ పండుగనాడు పాఠశాల వేదికపై వ్యాపారం మాట ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. ఈ ఊరి చరిత్ర తెలిసినవారికి ఆ సందేహం ఉండదు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరం, మెదకు ప్రాంతాల నుండి మగ్గం పనిని నమ్ముకొని వచ్చిన కుటుంబాలు షోలాపూరు తూర్పు భాగంలో స్థిరపడి తరాలు గడిచాయి. చేతిమగ్గాల స్థానంలో సాంచాలు వచ్చాయి. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూరు చద్దరు, టెర్రీ తువ్వాలు వెనుక ఆ కుటుంబాల చెమట ఉన్నది. ఎందరో తల్లులు బీడీలు చుట్టి బిడ్డలను బడికి పంపారు. ఆ బిడ్డలలో కొందరు ఉద్యోగాలలోకి పోగా, మరికొందరు నాలుగు సాంచాలతోనో, రెండు కుట్టు మిషన్లతోనో సొంత పని మొదలుపెట్టారు. నేడు ఈ ఊరు యూనిఫారాల తయారీకి కూడా పేరు తెచ్చుకొన్నది. కూలికి పోయిన ఇంటివారు యజమానులు కావడానికి ఒక తరం కష్టం పట్టింది. అట్లా నిలదొక్కుకొన్న పని చేజారిపోకుండా కాపాడుకొనడం ఎట్లాగన్నది ఈ ప్రసంగ విషయం. ఆ విద్యకు కావలసిన మొదటి పాఠాలు ఈ బడి గదులలోనే ఉన్నాయని చెప్పడం దీని ఉద్దేశం.

చిన్న పరిశ్రమలు మూతపడడానికి నూలు ధర, కరెంటు ఖర్చు, పెట్టుబడి చాలకపోవడం, బాకీలు రాకపోవడం వంటి కారణాలు అందరూ చెప్పుకొనేవే. అంతగా చెప్పుకోని కారణం మరొకటున్నది. సరుకు కావాలని అడిగినవారికి సమయానికి జవాబు చెప్పకపోవడం, ఒకసారి చెప్పి ఆపైన పలకరించకపోవడం. వ్యాపార గ్రంథాలలో దీనికి లీడు అని, ఫాలో అప్ అని పేర్లున్నాయి. ఇంటి తెలుగులో మొదటిది వాకబు, రెండవది పలకరింపు. వాకబు చేసినవాడు ఇంకా కొనలేదు, కొనవచ్చును. ఆ "కొనవచ్చును" అన్న మాట "కొన్నాడు" అయ్యేదాకా నడిపించేది పలకరింపు.

ఒక కార్ఖానాను ఊహించుకొనండి. భార్యాభర్తలిద్దరూ రెండు మిషన్లతో స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టారు. ఆరంభంలో వారానికి ఇద్దరు మాత్రమే వచ్చి అడిగేవారు. భర్త ప్రతివారి ముఖం, ఊరు, అడిగిన రంగు, చెప్పిన ధర గుర్తుంచుకొనేవాడు. సాయంత్రం భోజనం దగ్గర ఆ మాటలే నడిచేవి. ఎవరినీ మరచినది లేదు. పదేళ్ళు గడిచేసరికి ఇరవై మిషన్లు, ఒక కటింగ్ మాస్టరు, లెక్కలకొక కుర్రవాడు, బయట తిరిగేందుకొక మేనల్లుడు చేరారు. పేరు పెరిగింది. రోజుకు ఐదుగురు అడుగుతున్నారు. కొందరు ఫోనులో, కొందరు వాట్సాపులో, కొందరు ప్రదర్శనలో కలిసి విజిటింగ్ కార్డు ఇచ్చి, మరికొందరు పెళ్ళిలో పక్కన కూర్చొని అడుగుతున్నారు. లెక్కల కుర్రవాడు కొన్ని పేర్లు క్యాలెండరు వెనుక వ్రాశాడు. మేనల్లుడి ఫోనులో కొన్ని ఉన్నాయి. యజమాని చొక్కా జేబులో కొన్ని చీటీలున్నాయి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో తాండూరు వైపు నుండి ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయులు ఫోను చేశారు. 400 మంది పిల్లలకు రెండేసి జతలు, గుడ్డ ముక్కలు, ధర పంపమన్నారు. "రేపే పంపుతానండీ" అన్నాడు యజమాని. అప్పుడే కార్ఖానాలో ఒక పెద్ద ఆర్డరు పని నడుస్తున్నది. నంబరు వ్రాసిన చీటీ జేబులోనే ఉండిపోయి, చొక్కాతోపాటు ఉతుకుడుకు పోయింది. మే నెలలో పని తగ్గిన తరువాత ఆయనకు ఆ ఫోను గుర్తుకు వచ్చింది. నంబరు వెదికి పట్టుకొని మాట్లాడాడు.

"ఎదురుచూశాం సేఠ్ గారూ. మార్చిలో కూడా మీ దుకాణానికి ఒకసారి ఫోను చేయించాను. మీకు పని ఎక్కువున్నదేమో అనుకొన్నాం. పిల్లల కొలతలు వేరేవారు వచ్చి తీసుకొనిపోయారు" అన్నారు అవతలివారు.

ఆయన కోపంగా మాట్లాడలేదు. ఆ మర్యాదే ఎక్కువ బాధ పెట్టింది. మార్చిలో చేసిన ఫోను ఎవరు ఎత్తారన్నది కార్ఖానాలో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఆ జూనులో ఆరుగురు దర్జీలకు పని చాలక వేరే చోటికి పోయారు. వారిలో ఇద్దరి పిల్లలు ఈ బడివంటి బడిలోనే చదువుతూ ఉండి ఉండవచ్చును. ఒక చీటీ పోతే ఎవరి ఇంటి పొయ్యి వరకు ఆ నష్టం పోతుందో ఈ ఊహాచిత్రం చెబుతున్నది.

ఇక్కడ యజమానిని సోమరి అనడానికి వీలులేదు. ఆయన తెల్లవారి లేచి రాత్రి పదింటిదాకా నిలబడే మనిషి. లోపం ఎక్కడున్నదో బడిపిల్లలు చేసే చిన్న లెక్కతో తెలుస్తుంది. వారానికి ఇద్దరు అడిగిన రోజులలో నెలకు ఎనిమిది వాకబులు. ఒక్కొక్కరికి మొదటి జవాబు ఒకటి, తరువాతి పలకరింపులు మూడు, వెరసి నాలుగు మాటలనుకొంటే నెలకు 32. రోజుకు ఒకటికి కొంచెం ఎక్కువ. అన్నం తింటూ కూడా నడిపించవచ్చును. రోజుకు ఐదుగురు అడిగితే 25 పనిదినాలకు 125 వాకబులు. నాలుగేసి మాటల చొప్పున 500. అంటే రోజుకు ఇరవై. ఒక్కొక్క మాటకు, దానిని వ్రాసుకొనడానికి కలిపి ఆరు నిమిషాలు పట్టినా 120 నిమిషాలవుతుంది. రోజుకు రెండు గంటల పని కొత్తగా పుట్టింది. దానికి గంట కేటాయించలేదు, మనిషిని పెట్టలేదు, పుస్తకం కుట్టలేదు. మిషన్లు పెరిగినప్పుడు కరెంటు లోడు పెంచుకొన్న యజమాని, అడిగేవారు పెరిగినప్పుడు జవాబు చెప్పే ఏర్పాటు పెంచుకొనలేదు. చాలా ఇండ్లలో జరిగేది ఇదే.

దీనికి తోడు కాలానికి సంబంధించిన చిక్కు ఒకటున్నది. ఈ రోజు అడిగినవాడు ఈ రోజే కొనడు. యూనిఫారాల విషయమే తీసుకొంటే, కర్ణాటకలో బడులు సాధారణంగా మే చివరకో జూను మొదటికో, మహారాష్ట్రలో జూను నడుమ తెరుస్తారు. గుడ్డ తెప్పించి, కత్తిరించి, కుట్టి, కొలతల ప్రకారం కట్టలు కట్టి పంపడానికి వారాలు పడుతుంది. కాబట్టి నిర్ణయం చలికాలం చివరనో వేసవి మొదటనో జరిగిపోవాలి. పెద్ద ఆర్డరు చేతికి వచ్చినప్పుడు యజమాని పూర్తిగా కటింగ్ బల్ల దగ్గరనే ఉండిపోతాడు. అప్పుడు పలకరించని వాకబుల నష్టం ఆ నెలలో కనబడదు. రెండు మూడు నెలల తరువాత, చేతిలో పని అయిపోయిన రోజున కనబడుతుంది. ఒక నెల ఊపిరి తిరగని పని, మరునెల మిషన్లపై గుడ్డ కప్పి ఉంచడం. ఈ ఎగుడుదిగుడును జాతకం అనుకొని సరిపెట్టుకొనేవారున్నారు. పని నిండుగా ఉన్న నెలలో రోజుకొక గంట వాకబులకు కేటాయించినవారికి ఈ గుంటలు చాలవరకు పూడుతాయి.

పాతకాలపు తెలుగు వర్తకుడు పుస్తకం విలువ తెలియనివాడు కాడు. రోజు జమాఖర్చుకు చిట్టా ఉండేది. మనిషి మనిషికీ ఖాతా విడదీసి చూపే ఆవర్జా ఉండేది. అరువు తీసుకొన్నవాడి పేరు, ఊరు, తిథి, మొత్తం ముత్యాలవంటి అక్షరాలతో వ్రాసేవారు. రూపాయి బాకీని తాత వ్రాస్తే మనుమడు వసూలు చేసిన కథలు ఇంటింటా ఉన్నాయి. కాని ఇంకా కొనని మనిషికి ఆ పుస్తకాలలో చోటు లేదు. చిన్న ఊరిలో, తెలిసిన ముఖాల నడుమ ఆ అవసరమూ అంతగా లేదు. అడిగినవాడు మరునాడు అదే వీధిలో మళ్ళీ ఎదురయ్యేవాడు. ఇప్పుడు అడిగేవాడు మూడు వందల మైళ్ళ దూరంలో ఉన్నాడు. అతడు మళ్ళీ ఎదురుకాడు, వేరొకరికి ఫోను చేస్తాడు.

కావున ఆ చిట్టా, ఆవర్జాల సంప్రదాయంలోనే ఇంకొక పుస్తకం చేర్చుకోవాలి. ఒకడు సరుకు తీసుకొని డబ్బు ఇవ్వకపోతే అతడు దుకాణానికి బాకీ. ఒకడు ధర అడిగి జవాబు పొందకపోతే దుకాణమే అతనికి బాకీ. మొదటి బాకీని వ్రాసుకొన్నంత శ్రద్ధగా రెండవ బాకీని వ్రాసుకొన్న యజమానికి తక్కిన పద్ధతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఆ పుస్తకం ఎట్లా ఉండాలి? ఒక పొడుగు రిజిస్టరు చాలు. వరుస సంఖ్య, అడిగిన తేదీ, పేరు, ఊరు, ఫోను నంబరు, ఏమి అడిగారు, ఎవరు చెప్పగా వచ్చారు, ఈ వాకబు ఎవరి బాధ్యత, ఇంతవరకు ఏమి జరిగింది, మళ్ళీ పలకరించవలసిన తేదీ, చివరకు ఏమైనది. ఇన్ని గళ్ళు గీస్తే సరిపోతుంది. ఏమి అడిగారన్న గడిలో అడిగినవారి మాటలనే వ్రాయాలి. "తువ్వాళ్ళు కావాలట" అని వ్రాస్తే పది రోజుల తరువాత దానికి అర్థం ఉండదు. "లాడ్జికి తెల్ల తువ్వాళ్ళు, 30 అంగుళాలు 60 అంగుళాలు, రోజూ ఉతికినా నిలవాలి, దీపావళిలోపల" అని వ్రాస్తే, ఆ మాట వినని మనిషి కూడా తగిన బరువు గుడ్డ చూసి ధర చెప్పగలడు. ఈ ఊరిలో అడిగేవారు మరాఠీలో, హిందీలో, కన్నడంలో, తెలుగులో అడుగుతారు. పుస్తకం మాత్రం దానిని వ్రాసేవారికి, చదివేవారికి ఏ భాష బాగుగా వచ్చునో ఆ భాషలోనే ఉండాలి. తెలుగు మాధ్యమంలో చదివిన కుర్రవాడు తెలుగులో వ్రాసుకొనడానికి నామోషీ పడనక్కరలేదు. తప్పుల ఆంగ్లంలో సగం వ్రాసినదానికన్న తెలుగులో పూర్తిగా వ్రాసినది వ్యాపారానికి మేలు.

ఈ గళ్ళలో రెండింటిని మాత్రం ఎన్నడూ ఖాళీగా విడువరాదు. ఒకటి బాధ్యత ఎవరిదన్నది. అందరి బాధ్యత అని వ్రాసిన పని ఎవరికీ చెందకుండా పోతుంది. మార్చిలో వచ్చిన ఫోనుకు జరిగినది అదే. ఎవరు ఫోను ఎత్తినా వ్రాయాలి, కాని జవాబుకు పూచీ ఒక్కరిదే కావాలి. ఆ ఒక్కరు ఊరికి పోయే రోజు వస్తే తన పేజీని ఫలానావారికి అప్పగించి పోవాలి. రెండవది మళ్ళీ పలకరించవలసిన తేదీ. "చూద్దాం", "తరువాత", "పండుగ వెళ్ళాక" అన్నవి తేదీలు కావు. నవంబరు 12 అన్నది తేదీ. వాకబు ముగిసిందని వ్రాసేదాకా ఆ గడిలో ఒక తేదీ ఉండి తీరాలి.

రిజిస్టరులో ఏ రోజు ఎవరిని పలకరించాలో వెదకడానికి పేజీలన్నీ తిప్పవలసి వస్తుంది. దీనికి పాత కార్యాలయాలవారు ఒక ఉపాయం కనిపెట్టారు. నెలలో రోజులకు 31 అరలు, ఏడాదిలో నెలలకు 12 అరలు, మొత్తం 43 అరల పెట్టె. వాకబు సంఖ్య వ్రాసిన చీటీని పలకరించవలసిన రోజు అరలో వేస్తారు. వచ్చే నెల పనైతే ఆ నెల అరలో వేసి, నెల ప్రారంభంలో రోజులవారీగా పంచుతారు. ప్రతి ఉదయం ఆ రోజు అర తీస్తే పని ఎదురుగా ఉంటుంది. ఈ పనినే నేడు చేతిలోని ఫోను చేసిపెడుతుంది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో కొత్తవారు, కొత్త ఆర్డరు, డబ్బు రావలసినవారు అని పేరు పేరునా గుర్తులు పెట్టుకొనే వీలున్నది. కంప్యూటరులో పట్టిక వేసుకొని తేదీ వరుసన అమర్చుకోవచ్చును. ఒకే సమయంలో ఇద్దరు ముగ్గురు ఆ పుస్తకం తెరవవలసిన అవసరం వచ్చినప్పుడు దీనికోసమే చేసిన సాఫ్ట్‌వేరు కొనుక్కోవడం మంచిదే. అయితే రిజిస్టరు వ్రాసే అలవాటు లేని ఇంటికి సాఫ్ట్‌వేరు వచ్చినా అందులోని గళ్ళు ఖాళీగానే ఉంటాయి. మూడు నెలలు చేతితో వ్రాసి, ఏ గడి అక్కరకు వచ్చిందో, ఏది రాలేదో తెలుసుకొన్న తరువాత డబ్బు ఖర్చు పెట్టడం తెలివి.

అడిగిన అందరినీ ఒకే తీరున పలకరించడానికి రోజు చాలదు. మామిడితోటకు పోయినవారికి కాయ, దోర, పండు అన్న తేడా తెలుసు. వాకబులను కూడా అట్లాగే ఏరుకోవాలి. మాట్లాడినప్పుడే నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడిగితే సగం తెలిసిపోతుంది. ఎంత కావాలి? ఎప్పటికి కావాలి? ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు? నిర్ణయం చేసేవారు ఎవరు? బడి యూనిఫారమైతే ఫోను చేసినది ఉపాధ్యాయుడు కావచ్చును, ఒప్పుకోవలసినది కార్యవర్గం కావచ్చును. కార్యవర్గం కూర్చునే రోజు తెలియకుండా ఎన్ని ఫోనులు చేసినా వృథా. అంచనా, తేదీ, నిర్ణయించే మనిషి మూడూ తెలిసినది పండు. దానిని ఆ రోజే కోయాలి. వీటిలో ఒకటి తెలియనిది దోర. వారం పది రోజులలో మళ్ళీ చూడాలి. "ఊరికే తెలుసుకొందామని" అన్నవాడిది కాయ. దానిని పారవేయకూడదు, రాళ్ళు వేసి రాల్చకూడదు. బడి తెరిచే కాలమో, పండుగ కాలమో వచ్చేముందు ఒక మాట చెబితే చాలు.

పలకరింపుకు కూడా ఒక కాలక్రమం ఉండాలి. మొదటి జవాబు ఆ రోజే పోవాలి. ధర సిద్ధంగా లేకపోయినా "మీ మాట అందింది, గురువారం సాయంత్రంలోపల ధర చెబుతాము" అని చెప్పవచ్చును. చెప్పినట్టు గురువారం చెప్పడం అందులో సగం పుణ్యం. గుడ్డ ముక్కలు పంపితే అవి చేరవలసిన రోజుకు రెండు రోజుల తరువాత చేరాయా అని అడగాలి. ధర పంపితే వారంలోపల మాట్లాడాలి. ఆపైన మరొకసారి, వారు చెప్పిన రోజున. ఇవి రాతిపై చెక్కిన నియమాలు కావు. తువ్వాళ్ళ గిరాకీకి ఒక తీరు, బడి గిరాకీకి ఒక తీరు ఉంటుంది. తన పనికి తగిన తీరును ఏడాది పుస్తకం చూసి ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

పలకరించిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. "ఏమైందండీ, ఏమైందండీ" అని అడగడం అప్పులవాడి ధోరణి. "మీరడిగిన ఆకుపచ్చ గుడ్డ రెండుసార్లు ఉతికి చూశాము, రంగు దిగలేదు, ముక్క పంపుతున్నాము" అనడం దుకాణదారు ధోరణి. మొదటి మాట విన్నవాడు ఫోను ఎత్తడం మానుకొంటాడు. రెండవ మాట విన్నవాడు తానే ఫోను చేస్తాడు.

పలకరింపు వేధింపు కాకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా ఉన్నది. వద్దన్నవారికి అడ్డమైన వేళ వచ్చే వ్యాపార ఫోనుల బాధ దేశమంతటా ఎంతగా పెరిగిందంటే, 2007లోనే అటువంటివి వద్దని నమోదు చేసుకొనే పట్టిక ఏర్పాటు చేయవలసి వచ్చింది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ కొత్త నిబంధనలు తెచ్చింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు ఒక చట్టం చేసింది. చట్టాల సంగతి అటుంచినా, గుడ్డ ధర అడగడానికి ఇచ్చిన నంబరును చిట్టీలవారికో, ఇండ్ల స్థలాలవారికో అందజేయడం నమ్మకద్రోహం. "వద్దు" అన్న మాటను రెండవసారి చెప్పించుకోరాదు. ఆ మాటను వందనంతో స్వీకరించి, ఎందుకు వద్దన్నారో ఒక్క మాట అడిగి వ్రాసుకోవాలి. మూడుసార్లు పలకరించినా ఉలుకూ పలుకూ లేనివారికి "ప్రస్తుతానికి ఇంతటితో ఆపుతున్నాము, అవసరమైనప్పుడు ఒక మాట చెప్పండి" అని చివరి మాట పంపి ఆ పేజీ మూయాలి. మూసిన పేజీ కూడా ఒక జవాబే. తెరిచి వదిలేసిన పేజీలే మనసును, పుస్తకాన్ని బరువెక్కిస్తాయి.

పుస్తకం వ్రాయడంతో సరిపోదు, చదవాలి. వారానికొకసారి, సోమవారం ఉదయం మిషన్లు తిరగడానికి ముందు, అరగంటసేపు యజమాని, పూచీ ఉన్నవారు కలిసి కూర్చోవాలి. నాలుగు అంకెలు చాలు. కొత్తగా వచ్చినవి ఎన్ని? అదే రోజు జవాబు పోయినవి ఎన్ని? తేదీ దాటిపోయినా పలకరించనివి ఎన్ని? ముగిసినవి ఎన్ని, ఎందుకు ముగిశాయి? మూడవ అంకె వారం వారం పెరుగుతున్నదంటే మనుషులు చాలడం లేదని అర్థం. తిట్టి ప్రయోజనం లేదు, గంటలు కేటాయించాలి. నాలుగవదానిలో "ధర ఎక్కువ" అన్న కారణం కన్న "ఆలస్యం" అన్న కారణం ఎక్కువగా కనబడితే ధర తగ్గించుకొని నష్టపోవలసిన పనిలేదు. ఎవరు చెప్పగా వచ్చారన్న గడిని ఏడాది చివర కూడితే, ప్రదర్శనకు పెట్టిన ఖర్చు ఫలించిందా, పాత గిరాకీల నోటిమాట ఫలించిందా అన్నది బయటపడుతుంది. ప్రదర్శన నుండి సంచి నిండా తెచ్చిన కార్డులు విప్పకుండా అటకమీద పెట్టిన ఇంట్లో ప్రదర్శన దండుగ అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కార్డుల వెనుక ఆ సాయంత్రమే రెండు మాటలు వ్రాసుకొని ఉంటే లెక్క వేరుగా ఉండేదేమో.

ఆ కార్ఖానా కథకు తిరిగి వస్తే, జూనులో మిషన్లు ఆగిన రోజులలో భార్య ఒక మాట అన్నది. "ఏమండీ, పిల్లవాడి రిజిస్టరు ఒకటి మిగిలి ఉన్నది. అడిగినవారి పేర్లు ఇకమీదట నాకు చెప్పండి. నేను వ్రాస్తాను. రోజూ పదకొండింటికి ఎవరెవరికి ఫోను చేయాలో నేనే చెబుతాను." ఆమె పదో తరగతి తెలుగు మాధ్యమంలో చదివినది. మొదటి వారం మేనల్లుడు నవ్వాడు. రెండవ వారం ఆమె అతని ఫోనులోని పేర్లన్నీ వ్రాయించుకొన్నది. చాలా ఇండ్లలో ఇటువంటి ఇల్లాలు, ఇటువంటి కూతురు, ఇటువంటి కోడలు ఉన్నది. ఆమెకు పుస్తకం ఇచ్చినవారు దానితోపాటు అధికారం కూడా ఇవ్వాలి. "ఈ రోజు ఈ ముగ్గురికి జవాబు పోలేదు" అని ఆమె అన్నప్పుడు కటింగ్ బల్ల దగ్గరి యజమాని కత్తెర కింద పెట్టి ఫోను ఎత్తాలి. అట్లా జరగకపోతే పుస్తకం పూజగదిలోని లక్ష్మీపటం వలె అలంకారంగా మిగులుతుంది. మరుసటి ఏడాది జనవరిలో ఆమె ఆ తాండూరు బడికి ఫోను చేయించింది. వారు ఆ ఏడాది 60 జతలు మాత్రమే ఇచ్చి చూస్తామన్నారు. 60 జతలూ చెప్పిన రోజుకు పోయాయి. పోయిన నమ్మకం అంత కొద్దికొద్దిగానే తిరిగి వస్తుంది.

ఇదంతా బడికి కొత్త కాదు. ప్రతి ఉదయం హాజరుపట్టీ తెరిచి పేరు పేరునా పిలవడం వాకబు పుస్తకం వంటిదే. మూడు రోజులు పలుకని పేరుకు ఎదురుగా గుర్తు పెట్టుకొని, సాయంత్రం ఆ పిల్లవాడి ఇంటి గడప ఎక్కిన ఉపాధ్యాయులు ఎందరో ఈ బడివంటి బడులలో పనిచేశారు. జ్వరమా, పుస్తకాలు లేవా, సాంచా దగ్గర కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారా అని అడిగి, మరునాడు చేయి పట్టుకొని తీసుకొనివచ్చినవారున్నారు. ఆ పలకరింపు వలన నిలిచిన చదువులు ఈ సభలోనే కూర్చొని ఉన్నాయి.

అదే సమయంలో బడులు కూడా తమ పుస్తకం తాము తెరిచి చూసుకోవాలి. తెలుగు మాధ్యమం బడులలో పిల్లలు తగ్గిపోతున్నారన్న బాధ రాష్ట్రేతర ప్రాంతాల తెలుగువారందరిది. ఆంగ్లంపై మోజు, ఉద్యోగాల చింత, ఇంటి భాష మారిపోవడం దానికి కారణాలే. కాని ఏప్రిలులో ఒక తల్లి కార్యాలయం గుమ్మం దగ్గర నిలబడి "బిడ్డను చేర్చాలంటే ఏమేమి కావాలమ్మా" అని అడిగినప్పుడు ఆమె పేరు, వీధి ఎవరైనా వ్రాసుకొన్నారా? "జూనులో రండి" అని పంపిన తరువాత మే నెలలో ఒకరైనా ఆమె ఇంటికి పోయి పలకరించారా? జూనులో ఆ బిడ్డ వేరే బడి బస్సు ఎక్కినప్పుడు కాలాన్ని నిందించడం తేలిక. వ్రాసుకోని ఒక పేరును గురించి బాధపడడం కష్టం. బట్టల కార్ఖానాకు వర్తించే నియమం బడికీ వర్తిస్తుంది. 75 ఏళ్ళు నిలిచిన సంస్థ మరి 25 ఏళ్ళు నిలవాలంటే అడిగిన ప్రతి తల్లికీ జవాబు బాకీ ఉన్నదని గుర్తించి, ఈ జూబిలీ సంవత్సరంలోనే అటువంటి పుస్తకం ఒకటి కార్యాలయంలో తెరవడం శుభారంభం అవుతుంది.

పూర్వ విద్యార్థులైన యజమానులకు ఒక విన్నపం. ఈ పండుగ ముగిసి ఇంటికి పోయిన తరువాత జేబులోని చీటీలు, ఫోనులోని పేర్లు, బల్ల సొరుగులోని కార్డులు ఒకచోట కుప్ప పోయండి. ఒక రిజిస్టరులో ఎక్కించండి. ప్రతి పేరుకు ఎదురుగా ఒక తేదీ, ఒక మనిషి పేరు వ్రాయండి. ఆ పని ఒక ఆదివారంతో అయిపోతుంది. మరునాడు ఉదయం మొదటి పేరుకు ఫోను చేయండి. ఆలస్యమైనందుకు క్షమించమని చెప్పడంలో చిన్నతనం లేదు.

చిరంజీవులైన బాలబాలికలారా! తేదీ వేయడం, వరుస సంఖ్య వేయడం, విన్నమాటను విన్నట్టు వ్రాయడం, చెప్పిన రోజుకు చెప్పినపని అప్పగించడం అన్నవి చదువులో చిన్న విషయాలుగా కనబడవచ్చును. రేపు మీరు సాంచా నడిపినా, దుకాణం పెట్టినా, కార్యాలయంలో కూర్చున్నా, మిమ్మల్ని నమ్మి వచ్చి అడిగేవారు వీటినిబట్టే మీ విలువ కడతారు. ఎవరైనా ఏమైనా అడిగినప్పుడు పుస్తకం తీసి వ్రాసుకొనండి. జవాబు చెప్పిన తరువాతనే ఆ పేరుకు ఎదురుగా గీత గీయండి.